పొగకు ఒక దారి

మా ఆవిడ మంచి మాటకారి. పదో తరగతితో చదువు ఆపించారు గాని, లేకపోతే మా డిపార్టుమెంటులో సగంమందికి ఉద్యోగాలు ఉండేవి కావు. అలాంటి మనిషి ఆ వానాకాలం ఒక్కో వాక్యాన్ని ముక్కలు చేసి మాట్లాడడం మొదలుపెట్టింది. "ఉప్పు" అనేది. ఆగేది. "డబ్బా" అనేది. గోడ పట్టుకుని మళ్ళీ ఆగేది. "ఇయ్యి" అనే మాట వచ్చేలోగా నేను ఉప్పూ, పప్పూ, చింతపండూ అన్నీ తెచ్చి ఆమె ముందు పెట్టేవాణ్ణి. మా కాపురంలో నేను అంత చురుగ్గా ఉన్న కాలం మరొకటి లేదు.

అది అరవై తొమ్మిది, తెలంగాణ ఉద్యమం రోజులు. నేను యూనివర్సిటీలో కెమిస్ట్రీ డెమాన్‌స్ట్రేటర్ని. అంటే పాఠం చెప్పేవాడికీ, గాజు సామాను కడిగేవాడికీ మధ్య నిలబడే మనిషిని. ఆ ఏడు క్యాంపస్‌లో పాఠాల కంటే బందులు ఎక్కువ కాబట్టి, మధ్యలో నిలబడే పని కూడా పెద్దగా ఉండేది కాదు. మేం అద్దెకుండేది తార్నాకలో, లాలాపేట్ వైపు పోయే ఒక సందులో, పెంకుటింటి వెనక భాగం. భాగం అంటే ఒకే గది. గదికి అడ్డంగా మా అమ్మ పాత చీర కట్టింది. చీరకు ఇటు పక్క పడకగది, అటు పక్క వంటిల్లు. మనుషులం ముగ్గురమూ ఆ చీరను గౌరవించేవాళ్ళం. పొగ గౌరవించేది కాదు.

మా ఆవిడకు అప్పుడు ఐదో నెల. అంతకు ముందు ఏడాది ఇదే గదిలో ఒక కాన్పు నెలలు నిండకుండానే పోయింది. దాని గురించి మేం మాట్లాడుకునేవాళ్ళం కాదు. ఒకే గదిలో ముగ్గురు మనుషులు ఒక విషయాన్ని మాట్లాడకుండా బతకడం తేలికేం కాదు. సాధన చేసి నేర్చుకున్నాం. ఈసారి కడుపు సంగతి బయట ఎవరికీ చెప్పకూడదని అమ్మ కట్టడి చేసింది. ఇంటాయనకు కూడా తెలియదు.

ఆసుపత్రిలో లేడీ డాక్టరు స్టెతస్కోపు మా ఆవిడ వీపు మీద పెట్టి చాలాసేపు విన్నది. విని, నన్ను పిలిచింది.

"ఇంట్లో వంట దేని మీద?"

"కట్టెల పొయ్యి."

"పొగ ఎటు పోతుంది?"

"ఎటూ పోదు మేడమ్."

"కిటికీ లేదా?"

"ఉంది. పక్కింటి గోడ మీదికి తెరుచుకుంటుంది."

ఆమె కలం కింద పెట్టింది. "మందులు రాస్తాను. కాని ఆ పొగ ఉన్నంతవరకు నా మందులు నీళ్ళతో సమానం. ఆమెకు ఊపిరి ఆడకపోతే లోపల బిడ్డకూ ఆడదు. పోయినసారి బిడ్డ పోయింది. ఈసారి ఇట్లాగే ఉంటే, తల్లి కూడా..." అని చీటీ రాయడం మొదలుపెట్టింది. ఈ మధ్య నా చుట్టూ ఎవరూ వాక్యం పూర్తి చేయడం లేదు అనుకున్నాను.

అట్లా నేను పొయ్యిల గురించి ఆలోచించడం మొదలుపెట్టాను. ఎం.ఎస్సీ. పరీక్షకు కూడా అంత చదవలేదు.

కిరసనాయిల్ స్టవ్వు తెచ్చాను. దాని వాసనకు ఆమె తిన్నదంతా వాంతి చేసుకుంది. తినకపోయినా చేసుకుంది. పైగా బందు అయిన ప్రతిసారీ నూనె దుకాణం మూతపడేది. బొగ్గుల కుంపటి సంగతి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మూసిన గదిలో అది ఏ వాయువు ఇస్తుందో నల్లబల్ల మీద రాసి చూపించి జీతం తీసుకునేవాణ్ణి. పొగ కనబడదు, నిజమే. తెల్లారేసరికి మనుషులు కూడా లేవరు. రంపపు పొట్టు పొయ్యికి వెలిగేటప్పుడు మాత్రమే పొగ ఉంటుందన్నారు. ఆ వానల్లో తడిసిన పొట్టు ఎంతసేపటికీ వెలిగేటప్పటి దశ దాటలేదు. కరెంటు హీటరు పెడితే ఇంటాయన ఫ్యూజు పోతుంది, ఆ వెంటనే ఆయన ఓపికా పోతుంది. గ్యాసు కోసం పేరు రాయించడానికి వెళ్తే అక్కడి గుమస్తా, మీ అబ్బాయి పెళ్ళి విందుకు అందొచ్చు అన్నట్టు చూశాడు. మా అబ్బాయి ఇంకా పుట్టలేదు. పుడతాడో లేదో అన్నదే కదా నా బాధ.

వాకిట్లో మూడు రాళ్ళు పెట్టి వండుదామని అమ్మ రెండు పూటలు ప్రయత్నించింది. రెండు పూటలా వాన వచ్చి ముందు మంటను ఆర్పి, తర్వాత అన్నంలో నీళ్ళు పోసింది.

వంట చేసేది అమ్మే. మా ఆవిడను పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదు. కాని చీరకు అటు వండితే ఏమిటి, ఇటు పడుకుంటే ఏమిటి? ఆమె గడప మీద కూర్చుని, తల బయటికి పెట్టి, వంట అయ్యేదాకా వానను చూసేది. నేను క్యాంపస్ నుంచి వచ్చేసరికి, నవ్వడానికి సరిపడా ఊపిరి ఉంటే, "ఏం సారూ... దొరికిందా... మీ పొయ్యి?" అని అడిగేది. లేకపోతే కళ్ళతోనే అడిగేది. రెండోది ఎక్కువగా ఉండేది.

ఇంజనీరింగ్ కాలేజీలో నా మిత్రుడొకడు లెక్చరరు. హాస్టల్లో ఒకే గదిలో ఉండి చదువుకున్నాం. పెళ్ళి కాలేదు, మెస్సులో తింటాడు, పొయ్యి అంటించడం తప్ప పొయ్యి గురించి అన్నీ తెలుసు. నా గోడు విని కాలేజీ వెనక ఒక షెడ్డులోకి తీసుకెళ్ళాడు. అక్కడ గోడవారన ఒక మట్టి పొయ్యి ఉంది. సున్నం కొట్టి, అంచులకు ఎర్రటి జాజు పూసి, పెళ్ళికూతురిలా ఉంది. ముందు కట్టె పెట్టే నోరు, పైన కుండలకు వరుసగా కంతలు, వెనక నుంచి పొగగొట్టం గోడలోకి దూరి బయట కప్పు మీదికి లేస్తుంది.

"ఇదేరా భై పొగలేని పొయ్యి" అన్నాడు.

"దీని మీద ఎప్పుడన్న వండిన్రా?"

"వండుడేంది? ఇది డెమాన్‌స్ట్రేషన్ పొయ్యి. పెద్దోళ్ళు ఎవలన్న వస్తే చూపిస్తం."

"అంటే నాలెక్కనే అన్నమాట."

"నీకన్న నయం. దీనికి ఏడాదికోపారి సున్నం ఏస్తరు."

వెలిగించి చూపించమన్నాను. పుల్లలు ఏరి తెచ్చి వెలిగించాం. పొగంతా నోట్లోంచే బయటికి వచ్చింది. ఇద్దరం దగ్గుకుంటూ బయటికి పరుగెత్తాం. మా మిత్రుడు కళ్ళు తుడుచుకుంటూ, సిద్ధాంతం ప్రకారం ఇలా జరగకూడదని చెప్పాడు. తర్వాత కప్పెక్కి చూస్తే గొట్టంలో పావురం గూడు. గుడ్లు లేవు, పాత గూడే. తీసేసి మళ్ళీ వెలిగించాం.

ఈసారి పొగ గొట్టంలోంచి వెళ్ళింది. షెడ్డు కప్పు మీద సన్నగా లేచి, వాన మబ్బుల్లో కలిసిపోయింది. కింద పొయ్యి దగ్గర ముఖం పెట్టి చూశాను. వేడి తప్ప ఏమీ లేదు. నాకు గుళ్ళూ గోపురాలూ పెద్దగా పట్టవు. కాని అక్కడ నిలబడి ఆ గొట్టం కొస వైపు చూస్తుంటే, గోపురం వైపు చూసేవాళ్ళ ముఖం ఎందుకలా ఉంటుందో తెలిసింది.

"గోడకు ఒక బొక్క, నాలుగు గంపల మట్టి, ఒక పైపు. అంతే" అన్నాడు మా మిత్రుడు. "పైపు నేను తెస్త. మీ ఇంటాయనతోని బొక్క సంగతి మాట్లాడుకో."

మా ఇంటాయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన పెద్దమనిషి. గోడకు మేకు దించితే అవతల్నుంచి "ఎవడ్రా అది?" అని కేక వేసే రకం. ఆయన్ని ఒప్పించడానికి క్యాంపస్ నుంచి తార్నాక దాకా నడుస్తూ ఒక ఉపన్యాసం తయారు చేసుకున్నాను. వేడిగాలి పైకి లేవడంతో మొదలై, ఆయన దూలాలకు మసి పట్టకుండా ఉండడంతో ముగుస్తుంది. ఆయన వరండాలో పడక కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"కాకా, వంటింటి గోడకు ఒక బొక్క కొట్టాలె" అన్నాను.

"ఎంతది?"

చేతులతో చూపించాను.

"కొట్టుకో. గడ్డపార నా తాననే ఉన్నది. ఖాళీ చేసేటప్పుడు మూసిపియ్యి."

అంతే. ఉపన్యాసం మొత్తం నోట్లోనే మిగిలిపోయింది. తయారు చేసుకున్న పాఠం చెప్పకుండా వెళ్ళిపోవడం మా వృత్తిలో చాలా కష్టం.

"ఎందుకో అడుగవా కాకా?" అన్నాను.

"ఎందుకు?"

"మా ఆమెకు పొగ పడుతలేదు. కడుపుతోని ఉన్నది. డాక్టరమ్మ ఏమన్నదంటే..."

"ఆగాగు. కడుపుతోనా?" ఆయన పడక కుర్చీలోంచి లేచాడు. ఆ కుర్చీలోంచి ఆయన అంత వేగంగా లేవగా ఎవరూ చూసి ఉండరు. "మరి గా ముచ్చట ముందుగాల చెప్పొద్దా! కడుపుతోని పిల్ల ఉన్న ఇంట్ల గోడ పొడుస్తరా ఎవలన్న? చదువుకున్నోనివి, గంత తెల్వదా?"

"ఆమె కోసమే గద కాకా..."

"నేను చెప్పేదీ ఆమె కోసమే. కాన్పు అయినంక రా. ఒక్క బొక్కేంది, గోడ మొత్తం తీస్కపో."

లోపలికి వచ్చేసరికి అమ్మ మాటలన్నీ వినేసింది. జొన్నపిండి కలుపుతోంది. తల ఎత్తలేదు.

"మంచిగ చెప్పిండు" అన్నది.

"ఏం మంచిగ చెప్పిండే? గోడకు బొక్క కొడితే కడుపుల ఉన్నదానికి ఏమైతది? ఎవలు చెప్పిన్రు నీకు?"

"ఎవలో ఎందుకు చెప్పాలె?"

"మరి నీకెట్ల తెలుసు?"

మా ఆవిడ బయట గడప మీద ఉంది. అమ్మ ఒకసారి అటు చూసి గొంతు తగ్గించింది.

"పోయినేడు పొయ్యి పగిలిందా లేదా? పాతది పొడిచి తీసేసి నేనే కొత్తది ఏసిన. దానికి అప్పుడు నాలుగో నెల. నువ్వు కాలేజికి పోయినవ్. అది డాక్టర్ దగ్గర వరుసల కూసున్నది. మీరొచ్చేసరికి అలికేసిన. వద్దని మా అవ్వ చెప్పేది. తెల్సి కూడ ఏసిన. పగిలిన పొయ్యి మీద రొట్టె కాలుతలేదని ఏసిన." పిండిని అరచేత్తో గట్టిగా అదిమింది. "నెల తిరగకముందే పాయె."

అంటే మేం రోజూ తింటున్నది ఆ పొయ్యి మీద వండిందే. అమ్మ రోజూ దాని ముందు కూర్చుని మంట వేస్తోంది, ఏడాదిగా, ఎవరికీ చెప్పకుండా.

నాకు వచ్చిన కెమిస్ట్రీ మొత్తం వెతికాను.

"అది దానివల్ల కాదే అమ్మా" అన్నాను.

"కాదని నీకెట్ల తెలుసు?"

తెలియదు. డాక్టరుకు కూడా తెలియదు. అమ్మకు తెలుసు. ముగ్గురిలోనూ ఆమె ఒక్కతే నిశ్చయంగా ఉంది.

గోడ జోలికి పోకుండా, పాత పొయ్యిని కదపకుండా ఏమైనా చేయొచ్చా అని మా మిత్రుడూ నేనూ మళ్ళీ కూర్చున్నాం. కిటికీ ఉంది కదా, కిటికీ పొడవనక్కర్లేదు కదా అన్నాం. అమ్మ చాలాసేపు ఆలోచించి కిటికీకి అనుమతి ఇచ్చింది. పొయ్యి మీద రేకు గూడు ఒకటి వేలాడదీసి, దాన్నుంచి గొట్టం తిప్పి తిప్పి కిటికీ ఊచల మధ్యనుంచి బయటికి పెట్టాం. మెలికలు ఎక్కువయ్యాయిరా అని మా మిత్రుడు గొణుగుతూనే ఉన్నాడు. పొగ ఆ మెలికలన్నీ ఓపిగ్గా తిరిగి బయటికి వెళ్ళింది, పక్కింటి గోడను తాకింది, వాకిలి చుట్టూ తిరిగి మా ద్వారంలోంచి లోపలికి వచ్చింది. సరిగ్గా గడప మీద కూర్చున్న మా ఆవిడ ముఖం మీదుగా.

"మస్తు తెలివిగల... పొగ" అన్నది ఆమె. "క్యాంపస్‌ల... చదువుకున్నట్టున్నది."

అప్పటికి ఆమె బుగ్గలు లోపలికి పోయాయి. మెడ ఎముకల మధ్య గుంట ఊపిరి తీసిన ప్రతిసారీ లోతవుతూ ఉండేది. నేను ఆ గుంట వైపు చూడకుండా మాట్లాడడం నేర్చుకున్నాను. అదొక్కటే ఆ కాలంలో నేను కొత్తగా నేర్చుకున్నది. వారాసిగూడలో మా మేనత్త ఇంటికి పంపుదామనుకుంటే, అక్కడ ఒకే వాకిట్లో మూడు కాపురాలు, మూడు పొయ్యిలు. ఆమె పుట్టింటి ఊళ్ళో అయితే వంటింటికి కిటికీ కూడా లేదు. ఇల్లు మారుదామంటే, కడుపుతో ఉన్న మనిషిని ఇల్లు మార్చకూడదట. ఏది చేయడానికైనా అడ్డం వచ్చేది ఆ కడుపే, ఏదో ఒకటి చేసి తీరాలనడానికి కారణమూ ఆ కడుపే. క్యాంపస్‌లో లైబ్రరీ మెట్ల మీద కూర్చుని ఈ సంగతి అన్ని వైపులనుంచీ ఆలోచించేవాణ్ణి. ఎటునుంచి మొదలుపెట్టినా మళ్ళీ అక్కడికే వచ్చేవాణ్ణి. మెలికలు ఎక్కువయ్యాయి.

ఆ తర్వాత ఒక బందు వచ్చింది. దాంతోపాటే ముసురు. కట్టెల దుకాణం మూసేశారు. ఇంట్లో మిగిలినవి నాలుగు తుమ్మ కట్టెలు, అవి కూడా చూరు కింద తడిసినవి. మధ్యాహ్నం అమ్మ వాటినే పెట్టి ఊదింది. తడి తుమ్మ పొగ తెల్లగా, చిక్కగా ఉంటుంది. క్షణంలో గది నిండింది. చీర కనబడలేదు. నాకు నేనే కనబడలేదు. చీరకు ఇవతల ఏదో పడిన చప్పుడు వినబడింది.

ఆమె గడప దాకా రాలేకపోయింది. ఎత్తి బయటికి తెచ్చాను. పెదాలు పలక రంగులో ఉన్నాయి. నోరు తెరిచి ఉంది, ఛాతీ ఎగురుతోంది, గాలి మాత్రం లోపలికి పోవడం లేదు. రోడ్డు మీద రిక్షా లేదు, బస్సు లేదు, మనిషి లేడు. సందు చివరిదాకా పరుగెత్తి, ఎవరూ లేరని తెలుసుకుని, వెనక్కి పరుగెత్తి వచ్చాను. ఇంటాయన అప్పటికి తన నులక మంచం వాకిట్లో వేసి ఆమెను కూర్చోబెట్టాడు. గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. ఆయన మాత్రం తడిసిపోతున్నాడు.

"ముందుకు వంచు. వీపు రాయి. మాట్లాడియ్యకు" అన్నాడు.

వీపు రాశాను. ఎంతసేపో తెలియదు. నాకు దేవుళ్ళ పేర్లు ఎక్కువ రావు. వచ్చినవన్నీ మూలకాల పేర్లు. అవే అనుకుంటూ కూర్చున్నాను. కాసేపటికి ఈల వేసినట్టు ఒక ఊపిరి లోపలికి పోయింది. తర్వాత ఇంకొకటి. అమ్మ మంచం పట్టె పట్టుకుని వానలో నిలబడింది. మా ఆవిడ తల తిప్పి ఆమె వైపు చూసింది.

"అత్తమ్మా" అన్నది. ఆగింది. "నాకు..." ఆగింది. ఆ వాక్యం ఇక రాదనుకున్నాను. "సచ్చిపోవాలని... లేదు."

అమ్మ ఇంటాయన వైపు తిరిగింది.

"అన్నా, నీ గడ్డపార ఇయ్యి."

ఆయనకు అర్థమైంది. గొడుగు పట్టుకున్న చెయ్యి కిందికి దిగింది. "వద్దు చెల్లె. ఇంకెన్ని నెలలు? ఓర్సుకోండ్రి. లోపల పసిగుడ్డు..."

"పసిగుడ్డు పోతది, నాకెర్కనే" అన్నది అమ్మ. "ఒకపారి పోగొట్టినదాన్ని. ఇదీ పోతది. పోనీ. ఈ పిల్ల బతకాలె నాకు. గడ్డపార ఇయ్యి."

ఆయన గొడుగు నాకిచ్చి, లోపలికి వెళ్ళి, గడ్డపార తెచ్చి ఇచ్చాడు. ఆయన గోడే అది. ఆ సంగతి ఆయనకు గుర్తు రాలేదు.

నేను గొడుగు మా ఆవిడ చేతికిచ్చి అమ్మ వెనకే లోపలికి పరుగెత్తాను. "నేను పొడుస్తనే అమ్మా, ఇటియ్యి" అన్నాను.

"నువ్వు ముట్టకు. తండ్రివి నువ్వు. ఆ పాపం నాకు తగలనీ."

నాకు ఎం.ఎస్సీ. ఉంది. గోడకూ కడుపుకూ సంబంధం లేదని నాకు తెలుసు. అయినా ఆ మాటకు చెయ్యి వెనక్కి తీసుకున్నాను. యాభై దాటిన మనిషి, కొంగు నడుముకు చుట్టి, పొయ్యి పైన గోడను పొడిచింది. మొదట పెళ్ళలు రాలాయి. తర్వాత ఒక ఇటుక కదిలింది. ప్రతి పోటుకూ ఆమె మూలిగింది, బరువు వల్ల కాదు. ఎవరినో పొడుస్తున్నట్టు మూలిగింది. చివరికి ఒక ఇటుక అవతలికి పడింది. కన్నంలోంచి తడిసిన మునగ కొమ్మ కనబడింది. గదిలోని పొగ కొంచెం తటపటాయించి, అటు కదిలింది.

మర్నాడు బందు లేదు. మా మిత్రుడు సైకిలుకు పైపు కట్టుకుని వచ్చాడు. సంగతి విని, చెప్పులు బయట విప్పి లోపలికి వచ్చాడు. అతను తండ్రి కాదు కాబట్టి పైపు ఎత్తడానికి అర్హుడయ్యాడు. అమ్మ పాత పొయ్యిని పొడిచి తీసేసింది. అతను కొలతలు చెబుతుంటే పుట్టమన్నూ, ఊకా, పేడా కలిపి కొత్తది వేసింది. నేను నీళ్ళు కూడా అందించలేదు. గడప మీద మా ఆవిడ పక్కన కూర్చున్నాను.

పొయ్యి ఆరాక వెలిగించారు. పొగ పైపులోంచి మునగ కొమ్మల్లోకి పోయింది. గదిలో నాకు మొదటిసారి నాలుగు గోడలూ ఒకేసారి కనబడ్డాయి. మంట లోపలికి పోతుంది కాబట్టి ఆ పొయ్యి మీద జొన్న రొట్టె పొంగలేదు. చెప్పులా వచ్చింది. రొట్టె కాస్త గట్టిబడితే కోడలి పుట్టింటివాళ్ళ జొన్నల్ని కూడా తిట్టే మనిషి మా అమ్మ. ఆ రొట్టెను విరుచుకుని, నీళ్ళు తాగి, మాట లేకుండా తిన్నది. నాకు భయం వేసింది.

వారం, పది రోజులు గడిచాయి. మా ఆవిడ వాక్యాలు ఒక్కొక్కటే అతుక్కున్నాయి. ఆగకుండా అన్న మొదటి పూర్తి వాక్యం నన్ను తిట్టినదే. "పొయ్యి కోసం తిరిగి తిరిగి రెండు నెల్ల సంది చినిగిన అంగీనే తొడుక్కపోతున్నవ్, జర సిగ్గున్నదా సారూ నీకు?" అన్నది. నేను చినిగిన అంగీతో నిలబడి, ఆ తిట్టును చివరిదాకా, కామాలతో సహా విన్నాను. అంత బాగా ఏ పాఠమూ వినలేదు.

అమ్మ మాత్రం కడుపు గురించి మాట్లాడడం మానేసింది. పుట్టబోయే బిడ్డ కోసం మెత్తని పాత బట్టలు అంతకు ముందే ఏరి పెట్టుకుంది. వాటిని మళ్ళీ పెట్టె అడుగున పెట్టేసింది. కోడలికి పాలు, పండు, కూర అన్నీ తన కంచంలోంచి తీసి పెట్టేది. ఆమె కడుపు వైపు మాత్రం చూసేది కాదు. చావు జరిగిన ఇంట్లో ఎలా మెలుగుతారో అలా మెలిగేది. అంత్యక్రియలు మాత్రమే మిగిలినట్టు.

ఒకరోజు మా ఆవిడ నాతో అన్నది: "కడుపుల కదులుతున్నదని అత్తమ్మకు చెప్పబోయిన. చెవులు మూసుకున్నది."

"మూఢనమ్మకం" అన్నాను.

"అవు. మరి నువ్వెందుకు రోజూ వచ్చి ముందుగాల కదిలిందా అని అడుగుతున్నవ్?"

నేను నమ్మను. కాని ఆ పైపు పక్కన నిలబడినప్పుడు, నమ్మనివాడు భయపడాల్సిన దానికంటే కొంచెం ఎక్కువే భయపడేవాణ్ణి. బిడ్డ దక్కకపోతే అది ఊపిరి వల్లనో, రక్తం వల్లనో అని డాక్టరు చెబుతుంది. మా ఇంట్లో ఆ మాట ఎవరూ వినరు. మా అమ్మ తన చేత్తో రెండోసారి చంపినట్టవుతుంది. మా ఆవిడ, తన ప్రాణానికి బదులు ఏం పోయిందో తెలిసి బతకాలి. ఆ గదిలో, ఆ పొయ్యి ముందు.

చలికాలం మొదట్లో నొప్పులు వచ్చాయి. అమ్మ ఆసుపత్రికి రానన్నది. "నేను రాను. నా నీడ పడొద్దు" అన్నది. ఇంటాయన భార్య తోడు వచ్చింది. ఆ పగలూ, రాత్రీ ఆసుపత్రి వరండాలో నేనేం చేశానో నాకు గుర్తులేదు. తెల్లవారి ఇంటికి వచ్చేసరికి అమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. నీళ్ళు కాగుతున్నాయి. నా అడుగుల చప్పుడు విని కూడా ఇటు తిరగలేదు.

"పిల్ల ఎట్లున్నది?" అన్నది.

"మంచిగున్నది. దమ్ము మంచిగనే ఆడుతున్నది."

"చాలు" అన్నది. కట్టె లోపలికి తోసింది. ఇంకేమీ అడగలేదు. అడగాల్సింది ఇంకేదో ఉందన్నట్టు కూడా లేదు.

"ఆడపిల్ల పుట్టిందే అమ్మా."

చెయ్యి కట్టె మీదే ఆగిపోయింది. "పుట్టి..." అన్నది.

"పుట్టి ఏడుస్తున్నది. వార్డుల ఎవ్వలినీ పండనిస్తలేదట. నర్సమ్మ తిడుతున్నది."

"నువ్వు చూసినవా? నీ కండ్లతోని?"

"చూసిన. ఎత్తుకున్న. నా అంగీ పాడు చేసింది. ఇగో."

అమ్మ ఇటు తిరిగి, నా అంగీ మీది తడి మరకను వేలితో తాకి చూసింది. ఆ వేలిని అలాగే పట్టుకుని, నేల మీద కూలబడి, ఏడవడం మొదలుపెట్టింది. పోయినేడు ఏడవలేదు, గోడ పొడిచిన నాడు ఏడవలేదు. అవన్నీ కలిపి ఏడ్చింది. గదిలో పొగ లేదు. కళ్ళలో పడిందని చెప్పుకోవడానికి ఆమెకు ఏ సాకూ మిగల్లేదు.

నీళ్ళు తెర్లిపోతున్నాయి. నేను పొయ్యి దగ్గర కూర్చుని, కట్టె ఒకటి వెనక్కి లాగాను.